పికప్పు బండికి గాలి స్ప్రింగులు అవసరమా?

మా అక్కగారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరమునకు దాపున కాపురమున్నాడు. ఉద్యోగము కంప్యూటరులది, మనసు మాత్రము మట్టిది. ఊరివెలుపల అయిదెకరముల నేల కొని గోంగూర, బెండ, వంగ పండించుచున్నాడు. చిన్న ట్రాక్టరు ఒకటి కలదు. దానిని ఇంటినుండి పొలమునకును, పొలమునుండి ఇంటికిని ట్రెయిలరుమీద ఎక్కించి, పికప్పు బండి వెనుక తగిలించి లాగుకొని పోవుచుండును. అతడొకనాడు ఫోనుచేసి యిట్లడిగెను: "మామయ్యా, కొత్త పికప్పు కొనబోతున్నాను. ఎయిర్ సస్పెన్షన్ కావాలంటే పైన ఇంకో రెండువేల డాలర్ల దాకా అవుతుందంటున్నారు. పెట్టమంటావా, వద్దంటావా?"

మేము ముప్పదియేండ్లు బస్సుల డిపోలో మరమ్మతు పని చూచినవారము. గాలి స్ప్రింగులను విప్పి, కడిగి, బిగించిన చేతులివి. అయినను ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. నాలుగు దినములు గడువడిగి ఆలోచించితిమి. ఆ ఆలోచననే ఈ పూట శ్రోతలతో పంచుకొనుచున్నాము.

బండి చట్రమునకును ఇరుసునకును నడుమ స్ప్రింగులుండునని అందరెరిగినదే. మనవైపు పికప్పులకు వెనుకతట్టున నుండునవి ఉక్కుపట్టీలు. ఒకదానిక్రింద నొకటిగా పేర్చి బిగించినవి. షెడ్డులలో వీనిని కమాను కట్టలందురు. ఇవి మొండివి, చవుక, ఏ రోడ్డుప్రక్క కమ్మరియైనను బాగుచేయగలడు. వీనికున్న చిక్కు ఒక్కటే. బరువు మోయుటకు తగినంత గట్టిగా చేసినచో ఖాళీబండి ఎగిరెగిరి పడును. ఖాళీబండి సుఖముగా పోవునట్లు మెత్తగా చేసినచో బరువు వేయగనే వెనుకభాగము కుంగిపోవును.

ఒక లెక్క చూతము. వెనుక స్ప్రింగులమీద ఖాళీగా నున్నపుడు 600 కిలోలు, నిండుగా నున్నపుడు 2,400 కిలోలు పడుచున్నవనుకొందము. బరువు నాలుగురెట్లయినది. స్ప్రింగు బిగువు మారనపుడు, బరువు నాలుగురెట్లయినచో ఊపుల వేగము సగమగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. నిండుబండి నిమిషమునకు 75 సారులు ఊగినచో ఖాళీబండి 150 సారులు ఊగునన్నమాట. మనిషి శరీరమునకు హాయిగా నుండు ఊపు నిమిషమునకు 60 మొదలు 90 వరకు. అంతకు రెట్టింపు వేగమున కుదిపినచో నడుము ఏమగునో, సరుకు దించి ఖాళీగా తిరిగివచ్చు డ్రైవరునడిగిన చెప్పును. కంపెనీలవారు అడుగున అదనపు పట్టీనుంచి, బరువు పడినపుడే అది పనిచేయునట్లు అమర్చి, ఈ బాధను కొంత తగ్గించిరి, పూర్తిగా పోగొట్టలేదు.

ఉక్కునకు బదులు రబ్బరు తిత్తిలో గాలి నింపి దానిమీద బండిని నిలిపినచో ఈ చిక్కు విడిపోవును. బరువు పెరిగినకొలది కంప్రెసరు మరికొంత గాలిని లోనికి తోయును. లోపలి పీడనము పెరిగిన మేరకు తిత్తి బిగువును పెరుగును. నాలుగురెట్లు బరువునకు ఇంచుమించు నాలుగురెట్లు బిగువు. కనుక ఊపుల వేగము రమారమి ఒక్కతీరుగనే యుండును. ఖాళీయైనను, నిండైనను బండి నేలకు ఒకే ఎత్తున నిలుచును. మనదేశమునకు 2001లో వోల్వో బస్సులు వచ్చినవి. తరువాత మన ఆర్టీసీవారి గరుడ సర్వీసులలో ప్రయాణము చేసినవారికి ఈ సుఖము అనుభవములోనిదే. ఆ బస్సు గతుకులో దిగి లేచినపుడు కడుపులో నీరు కదలదని మా డిపోలో అనుకొనెడివారము.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1954లో అమెరికాలో గ్రేహౌండు కంపెనీవారు నడపిన సీనిక్రూయిజరు బస్సులకు గాలి స్ప్రింగులే ఉండెను. ఆ సంబరములో జనరల్ మోటార్సువారు 1957లో కాడిలాకు ఎల్డొరాడో బ్రౌమ్ అను ఖరీదైన కారునకును, మరుసటి సంవత్సరము తమ ఇతర కార్లకును దీనిని పెట్టిరి. అక్కడ కథ అడ్డము తిరిగినది. గాలి కారిపోవుట, తేమ చేరి కవాటములు పాడగుట సామాన్యమైపోయినది. ఎందరో యజమానులు తిత్తులు తీసివేయించి ఉక్కుచుట్టలు వేయించుకొనిరి. బస్సున నిలిచిన విద్య కారులో ఎందుకు నిలువలేదు? మాకు తోచిన కారణమిది: బస్సు ప్రతిరాత్రియు డిపోకు వచ్చును, తిత్తిని తడిమి చూచు మనిషి యొకడుండును. కారునకు అట్టి మనిషి లేడు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. పికప్పు సంగతిలో మరల దీనికే రావలసియున్నది.

పికప్పులలో రామ్ 1500 అను బండికి 2013 మోడలునుండి నాలుగు చక్రములవద్దను గాలి స్ప్రింగులు, కోరినవారికి మాత్రము, పెట్టుచు వచ్చిరి. 2021లో వచ్చిన రివియన్ విద్యుత్ పికప్పునకును గాలి స్ప్రింగులే. ఇది ఒక రకము. రెండవ రకము వేరు. ఉన్న కమాను కట్టలను అట్లేయుంచి, ఇరుసునకును చట్రమునకును నడుమ రెండు చిన్న తిత్తులను ఊతగా బిగింతురు. బరువు వేసినపుడు గాలికొట్టి, దించినపుడు తీసివేయుటయే పని. వీనికి కొన్నివందల డాలర్లు చాలును. తెలిసినవాడు ఇంటివద్దనే ఒక పూటలో బిగించుకొనవచ్చును. ఖాళీగానున్నను 5 పౌండ్ల గాలియైన ఉంచవలెను. లేనిచో తిత్తి ముడుతపడి చిరుగును. రెంటికి ఒకే గొట్టము కలుపుట చవుకయే కాని, మలుపు తిరుగునపుడు బరువుపడిన ప్రక్కనుండి గాలి రెండవ ప్రక్కకు పారి బండి మరింత ఒరగును. దేని గొట్టము దానికి వేరుగా నుండుట మేలు.

మొదటి రకమునకు కొన్ని సుఖములు కలవు. వేగముగా పోవునపుడు బండి తనంతట కొంచెము క్రిందికి దిగి గాలి ఒరపిడిని తగ్గించుకొనును. బురదలో రెండంగుళములు పైకి లేచును. నిలిపినపుడు రెండంగుళములు క్రుంగి, ఎక్కువారికి వీలు కల్పించును. ఈ చివరిదానిని చిన్నదిగా చూడరాదు. మా అక్కగారికి మోకాళ్ళనొప్పి. టెక్సాసులో పికప్పు సామాను బండి మాత్రమే కాదు. గుడికైనను ఆసుపత్రికైనను కుటుంబమంతయు దానిలోనే పోవుదురు. కొడుకు వెనుకనుండి చేయూతనిచ్చి ఎక్కించుచుండగా ఆమె "ఇది బండి కాదురా, అటక" అన్నదట. ఇక వెనుకభాగము కుంగినపుడు ముందుభాగము లేచి, హెడ్ లైట్లు ఎదుటివాని కన్నులలో పడును; బండి సమముగా నిలిచినచో ఆ బాధయు లేదు.

ఇంతవరకు అంతయు అనుకూలమే. కాని ఈ గాలికి ఒక మాయ కలదు. మా మేనల్లుడు తన పాతబండికి ఊతతిత్తులు రెండు వేయించుకొనియుండెను. ట్రాక్టరుతో ట్రెయిలరు తగిలింపగనే వెనుకభాగము కుంగెడిది; గాలి కొట్టగనే సమముగా నిలిచెడిది. సమముగా నిలిచినది గదా, ఇక భయము లేదని అతని నమ్మకము. ఒకనాడు పెద్దరోడ్డుమీద భారీలారీయొకటి ప్రక్కనుండి దాటిపోయినది. ఆ గాలితోపునకు ట్రెయిలరు కుడియెడమలకు ఊగనారంభించినది. స్టీరింగు త్రిప్పిన ముందుచక్రములు మాట వినలేదు. అతడు కంగారుపడి బండిబ్రేకు గట్టిగా తొక్కినాడు, ఊపు హెచ్చినది. బండి, ట్రెయిలరు, ట్రాక్టరు మూడును రోడ్డు నడిమి గడ్డినేలలోనికి పోయి ఆగినవి. ఎవరికిని దెబ్బ తగులలేదు. ప్రక్కసీటులో భార్య, వెనుక పిల్లవాడు ఉండిరి. ఈ సంగతిని మాకు ఏడాదివరకు చెప్పలేదు.

జరిగినదేమో లెక్కవేసి చూతము. మూడువేల కిలోల ట్రెయిలరు తన బరువులో పదవవంతునకు కొంచెము మించి, 360 కిలోలు, పికప్పు కొక్కెముమీద మోపుచున్నదనుకొందము. కొక్కెము వెనుక ఇరుసునకు 1.2 మీటర్ల వెనుక నున్నది. రెండిరుసుల నడిమి దూరము 3.6 మీటర్లు. అప్పుడు వెనుక ఇరుసుమీద పడునది 360 కాదు, 480 కిలోలు. ఆ మిగిలిన 120 ఎక్కడివి? ముందుచక్రములనుండి లేచిపోయినవి. స్టీరింగునకును, బ్రేకునకును ఆధారమైన ముందుచక్రములు ఆ మేరకు తేలికైనవి. తిత్తిలో ఎంతగాలి కొట్టినను ఈ 120 కిలోలు తిరిగి ముందునకు రావు.

రెండెడ్లబండిలో బస్తాలన్నియు వెనుకకు చేర్చినచో ఏమగునో పల్లెటూళ్ళలో పెరిగినవారెరుగుదురు. బండి వెనుకకు తూగును. కాడి ఎడ్ల మెడలమీదినుండి లేచును. మెడత్రాళ్ళు బిగిసి ఎడ్లు ఉక్కిరిబిక్కిరియగును. బండివాడు దిగి బస్తాలను ముందునకు జరుపుకొనునేగాని, బండివెనుక దిమ్మె నిలబెట్టి సరిపోయినదనుకొనడు. గాలితిత్తి ఆ దిమ్మె వంటిది. ముందుచక్రములకు బరువును మరల చేర్చునది వేరొక పరికరము: ట్రెయిలరు కొక్కెమువద్ద స్ప్రింగుకమ్మీలతో బిగించు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. అటుపై ట్రెయిలరుకు సొంతబ్రేకులుండవలెను. ఊపు మొదలైనపుడు యాక్సిలరేటరుమీది కాలుతీసి, ట్రెయిలరు బ్రేకులను మాత్రము చేతితో వేయుటకు వీలుండవలెను.

అమెరికాలో పికప్పు డ్రైవరు తలుపు తెరచినచో చట్రముమీద చీటీయొకటి అంటించియుండును. ఆ బండి మోయదగిన బరువెంతయో అందు అచ్చువేయుదురు. గాలి స్ప్రింగులు వేసినందువలన ఆ అంకె పెరుగదు. ఇరుసు అదే, టైర్లవే, బ్రేకులవే. ఉక్కుకమాను కుంగినపుడు "నాకు మోయరానిది వేసితివి" అని కంటికి కనబడునట్లు చెప్పును. గాలి ఆ మాటను చెప్పనీయదు. మాకు దానిమీదనున్న కోపమంతయు ఇందుకే. అక్కడ లారీలు ఆగుచోట్ల తూనికకాటాలు కలవు. ఏ ఇరుసుమీద ఎంత పడుచున్నదో వేరువేరుగా తూచియిత్తురు. ఆ కాగితమును నమ్మవలెనుగాని, సమముగా నిలిచిన బండిని చూచి మోసపోరాదు.

మనవైపు బండ్లవారును ఇదే పొరపాటును ఉక్కుతో చేయుచున్నారు. బొలేరో పికప్పులలో ఒక రకమునకు నిర్ణయించిన మోతబరువు 1,700 కిలోలు. అంతకు మించి వేయదలచినవారు కమాను కట్టలో మరియొక పట్టీ వేయింతురు. బండి కుంగుట మానును. బ్రేకులు మాత్రము వెనుకటివే. అట్టివారికి గాలితిత్తులు వేయించుకొనుమని మేము చెప్పజాలము. దుమ్ములో, గులకరాళ్ళలో తిరుగు బండికి కమాను కట్టయే ఉత్తమము.

ఇక మరమ్మతు సంగతి. రబ్బరు ఏండ్లు గడచినకొలది ముడుతలవద్ద బీటలువారును. మొదట సూదిబెజ్జమంత కారుదల. దానిని పూడ్చుటకు కంప్రెసరు మాటిమాటికి తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోవును. తిత్తి చిల్లిని ఉపేక్షించినవానికి కంప్రెసరు ఖర్చుకూడ తప్పదు. మంచుదేశములలో గొట్టములలోని తేమ గడ్డకట్టును. రోడ్లమీద చల్లు ఉప్పు గొట్టముల అతుకులను తినివేయును. టెక్సాసులో ఈ రెండును తక్కువే కాని ఎండ ఎక్కువ. పరీక్షకు మా డిపో పద్ధతియే చాలును: సబ్బునీరు పూసి బుడగలు చూచుట. తెల్లవారునప్పటికి బండి ఒకప్రక్కకు ఒరగియున్నచో సబ్బునీరును అక్కరలేదు. టైరు మార్చుటకు జాకీ ఎత్తునపుడు, ఎత్తును తనంతట సర్దుకొను ఏర్పాటును ముందుగా ఆపివేయవలెను. లేనిచో జాకీమీద బండి కదలును. చేయి క్రిందనుంచిన వానికి ప్రమాదము.

నాలుగవదినమున మేనల్లునికి ఫోనుచేసి రెండు ప్రశ్నలు వేసితిమి. ట్రెయిలరు నెలకు ఎన్నిసారులు లాగుదువు? రెండుసారులన్నాడు. బండిని ఎన్నాళ్ళుంచుదువు? "అది నన్ను వదిలేదాకా" అన్నాడు. మూడునాలుగేండ్లకు మార్చి, హామీగడువులోనే వదిలించుకొనువాడైనచో, సుఖము కోరినచో, గాలి స్ప్రింగులు తీసికొనుమని చెప్పియుందుము. డబ్బునకు తగిన ఫలమే. అతడు కొనదలచిన బండికి వెనుక కమాను కట్టలు కాక ఉక్కుచుట్టలే యున్నవి. అవి కట్టలకంటె మెత్తనివి. కనుక గాలివలన కలుగు అదనపు సుఖము కొంచెమే. పదునైదేండ్లు ఒకేబండి నడుపువాడు, తడిమిచూచు డిపో మనిషి లేనివాడు, పదవయేట తిత్తులకును, కంప్రెసరునకును ఎంత వ్రాసియిచ్చుకొనవలెనో మేము చెప్పనక్కరలేదు.

అతడు ఉక్కుచుట్టల బండినే కొన్నాడు. మిగిలిన సొమ్ములో వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒకటి, ట్రెయిలరు బ్రేకులు, వానిని చేతితో వేయు మీట కొనిపించితిమి. ట్రెయిలరు తగిలించి కాటామీద తూచి, ఆ కాగితపు ఫోటో మాకు పంపినాడు. ముందిరుసు బరువు తన చోటికి తాను వచ్చినది. ఇంకను కొంత మిగులగా, తలుపుక్రింద మెట్టుపలక వేయించినాడు. అది అర అంగుళము ఎత్తుగానున్నదని అక్కగారి ఫిర్యాదు.