నౌరు ద్వీపము – నేల, నీరు, లెక్క

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకొసగిన కొద్ది సమయములో పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న నౌరు అను చిన్న ద్వీపమును గూర్చి మనవి చేసెదను. దాని వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో దాదాపు 5,200 ఎకరములు. ఒక పెద్ద గ్రామపు విస్తీర్ణమునకు మించదు. అయినను అది స్వతంత్ర దేశము. 1999 నుండి ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము గలది. జనసంఖ్య సుమారు 12,000. తీరము వెంబడి వేసిన బాటపై తెల్లవారి బయలుదేరిన పాదచారి మధ్యాహ్న భోజనము వేళకు బయలుదేరిన చోటికే వచ్చి చేరును.

ద్వీప శబ్దమునకు పెద్దలు ‘రెండు వైపుల నీరు గలది’ అని వ్యుత్పత్తి చెప్పుదురు. నౌరునకు నాలుగు వైపులను నీరే. త్రాగునీరు మాత్రము దుర్లభము. నది లేదు, వాగు లేదు. కురిసిన వాన పగడపు రాతి సందులలో నింకి, అడుగున నున్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలియుండును. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక గదా! ఆశపడి అధికముగా తోడినచో ఉప్పు పైకి వచ్చును. నేడు సముద్రజలమును యంత్రములచే శుద్ధిచేసి త్రాగుచున్నారు.

భూమధ్యరేఖకు దక్షిణముగా అర డిగ్రీ దూరముననే యుండుటచే అచ్చట వేసవి, శీతకాలము అను భేదము లేదు. తుఫానుల బాధయు లేదు. భూభ్రమణము వలన గాలికి సుడి తిరుగు గుణము కలుగును. ఆ రేఖ దాపున ఆ గుణము అత్యల్పము. ఏటేట తుఫాను హెచ్చరికలకు ఉలికిపడు మన కోస్తావారికి ఇది అసూయ పుట్టించు సంగతి. అయితే వాన నమ్మరానిది. సగటున ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు కురియునందురు. ఒక్కొక్క ఏడు అందులో నాలుగవ వంతైనను పడదు. ఎల్ నినో అన్నచో మనకు వర్షాభావ భయము. నౌరునకు అది వానల కాలము. సముద్రమందలి వెచ్చని నీరు తూర్పునకు జరిగినపుడు మేఘములును దాని వెంట జరిగి నౌరుపై చేరును. లా నినా వచ్చినచో అచ్చట కరవు.

తీరమున కొబ్బరి చెట్లతో నొక సన్నని పల్లపు పట్టీ కలదు. దాని వెడల్పు చాల చోట్ల 300 మీటర్లకు మించదు. జనులలో అత్యధికులు అందే నివసింతురు. లోపల మెరక, ఆ మెరకలో బువాడా అను చిన్న చెరువు. పూర్వము ద్వీపవాసులు సముద్రపుటొడ్డున పాలచేపల పిల్లలను పట్టి, ఉప్పునీటిలో కొంచెము కొంచెముగా మంచినీరు కలుపుచు అలవాటు చేసి, చెరువులో విడిచి పెంచెడివారు. మన మొగలి వంటి చెట్టు పండ్లు వారికి ఆహారము. మెరకపై పొన్న చెట్ల అడవి యుండెడిది. 1798లో జాన్ ఫియర్న్ అను నావికుడు ఓడ మీదినుండి చూచి ‘ఆహ్లాద ద్వీపము’ అని పేరు పెట్టెను.

ఆ ఆహ్లాదమునకు చేటు తెచ్చినది ఒక రాయి. సిడ్నీ నగరమున ఒక కంపెనీ కచేరీలో తలుపు కదలకుండ అడ్డుపెట్టిన నౌరు రాతిని ఆల్బర్ట్ ఎల్లిస్ అను నతడు 1900లో పరీక్షింపగా, అది మేలి జాతి ఫాస్ఫేటని తేలినది. మన రైతులు చల్లు సూపరు ఎరువునకు మూలమట్టి రాయే. 1907 నాటికి త్రవ్వి ఎగుమతి చేయుట సాగినది. అప్పుడు జర్మనీ ఏలుబడి. మొదటి ప్రపంచయుద్ధము పిదప ఆస్ట్రేలియా, బ్రిటన్, న్యూజిలాండు కలిసి ఏర్పరచిన సంస్థ చేతికి గనులు వచ్చినవి. నౌరు ఎరువుతో దూరదేశముల పచ్చిక బయళ్ళు పచ్చబడినవి. భూమి గలవారికి తొలుత ముట్టినది టన్నుకు అర పెన్నీ!

భాగవతమున పృథు చక్రవర్తి భూమిని గోవుగా జేసి పితికిన కథ మీరందరు నెరుగుదురు. పాలు పితికినను ఆవు బ్రతికియున్నది. నౌరులో పితికినది పాలు గాదు. పగడపు రాతి మొనల నడుమ నిండియున్న మట్టిని తోడివేయగా, పది మీటర్లకు పైబడిన మొనలు పండ్లవలె నిలిచినవి. అడవి పోయినది. ద్వీపములో అయిదింట నాలుగు పాళ్ళు ఇట్లే ముగిసినవి.

జనుల కష్టములను క్లుప్తముగా చెప్పెదను. అంటురోగములచే జనసంఖ్య క్షీణించి, 1932లో 1,500కు చేరినపుడు, జాతి నిలుచునని పండుగ చేసికొనిరి. యుద్ధకాలమున జపాను సేన సుమారు 1,200 మందిని ట్రుక్ దీవులకు తరలించినది. 1946 జనవరి 31న తిరిగి వచ్చినవారు 800 మందికి లోపే. 1964 ప్రాంతమున ఆస్ట్రేలియా, నేల నశించుచున్నది గనుక కర్టిస్ అను వేరొక ద్వీపమునకు పొండని చెప్పగా, అచ్చట స్వపరిపాలన యుండదని వారు నిరాకరించిరి. తిరిగివచ్చిన దినమగు జనవరి 31నే 1968లో స్వాతంత్ర్యము పొందిరి.

ఇచ్చట లెక్కలు వ్రాయువాడనగుటచే ఒక మాట అనక తప్పదు. ఫలసాయమునకును, అసలునకును భేదము కలదు. గనులు తమవైన పిదప నౌరు ప్రజలు ప్రపంచమున మిక్కిలి ధనవంతులలో నొకరైరి. మెల్‌బోర్నులో 52 అంతస్తుల భవనము కట్టిరి. 1993లో లండనులో లియొనార్డో డా విన్చీపై సంగీత నాటకమునకు సొమ్ము పెట్టి నష్టపడిరి. వచ్చిన దెల్ల ఆదాయపు పద్దున చేర్చిరి. తరుగుచున్న నేలను ఖర్చు పద్దున చూపవలసినంతగా చూపలేదు. 2004లో ఆ భవనము అమ్ముడైనది. మొదటి పొర ఫాస్ఫేటు దాదాపుగా అడుగంటినది. అయితే తప్పంతయు వారిదనుట అన్యాయము. స్వాతంత్ర్యమునకు పూర్వము త్రవ్విన నేలకై 1989లో వారు ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1993లో రాజీ కుదిరి, 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించుటకు ఆ దేశ మంగీకరించినది.

ఇప్పుడు వేరొక చిక్కు. సముద్రమట్టము పెరుగుచున్నది, జనుల ఇండ్లు తీరపు పల్లములో నున్నవి. ఎక్కవలసిన మెరక ఆ త్రవ్విన మెరకయే. దానిని బాగుచేసి అచ్చటికి ఇండ్లు తరలింపవలెనని నౌరు ప్రభుత్వము యత్నించుచున్నది. రాతి మొనలను పగులగొట్టి, చదును చేసి, పైన మన్ను పరచవలెను. మన్నేమో ఎన్నడో ఓడలెక్కి వెళ్ళిపోయినది.

అట్లాసు తెరచి, పాపువా న్యూగినీకి ఈశాన్యముగా వెదకినచో ఈ ద్వీపము చుక్కగా కనబడును. కంటిచూపు తగ్గినవారికి భూతద్దము కావలెను.