సంతకానికి ముందు

న్యాయశాస్త్ర పట్టాలు మీ చేతికొచ్చాయి, అభినందనలు. నేరుగా విషయానికొస్తాను.

జెనీవాలో నా పని, జైలుపాలైన హక్కుల కార్యకర్తల తరఫున ఐక్యరాజ్యసమితికి అర్జీలు రాయడం. పేరు, అరెస్టయిన తేదీ, ఏ నేరం మోపారు, ఎక్కడ ఉంచారు. అక్రమ నిర్బంధాలను పరిశీలించే బృందం ఆ అర్జీని సదరు ప్రభుత్వానికి పంపి, జవాబుకు 60 రోజుల గడువిస్తుంది. నేరం అన్న చోట నేను పదేపదే రాసింది రాజద్రోహం కాదు, పన్ను ఎగవేత.

బెలారుస్‌లో హక్కుల కార్యకర్త అలేస్ బియాలియాత్‌స్కీ మీద మోపిందీ అదే. ఆయన 1996లో పెట్టిన వియస్నా సంస్థ రాజకీయ ఖైదీలకు, వాళ్ల కుటుంబాలకు అండగా నిలిచింది. 2003లో దాని రిజిస్ట్రేషన్ రద్దయింది. ఇక సంస్థ పేరున ఖాతా ఎక్కడిది? సొమ్ము లిథువేనియా, పోలండ్ బ్యాంకుల్లో ఆయన పేరునే ఉండేది. న్యాయ సహకార ఒప్పందం చూపించి బెలారుస్ ఆ లెక్కలు అడిగింది. రెండు ప్రజాస్వామ్య దేశాలూ తీసి ఇచ్చేశాయి! ఆ సొమ్మును ఆయన సొంత ఆదాయంగా చూపి 2011లో నాలుగున్నరేళ్ల శిక్ష వేశారు. ఆ దేశాలు తర్వాత క్షమాపణ చెప్పుకున్నాయి.

ఆ లెక్కలు పంపినవాళ్లకు ఆయన మీద పగేమీ ఉండి ఉండదు. ఫారం సరిగ్గా ఉంది, ముద్ర ఉంది. అడుగుతున్నది ఎవరు, ఎవరి గురించి అడుగుతున్నారు అన్నది మాత్రం పట్టించుకోలేదు. నాయనలారా, షరతులు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కేసే అలవాటు మీలో ఎంతమందికుందో నాకు తెలుసు. చేతులెత్తమని అడగనులెండి. కానీ ఆ వేళ్లే రేపు బ్యాంకులో, మంత్రిత్వ శాఖలో సంతకాలు పెడతాయి. అదే నా బెంగ.

2021లో ఆయన్ను మళ్లీ పట్టుకెళ్లారు. 2022 నోబెల్ శాంతి బహుమతిని ఆయన తరఫున భార్య నతాలియా పించుక్ ఓస్లోలో అందుకున్నారు. అయినా మరుసటి మార్చిలో పదేళ్ల శిక్ష వేశారు. 2025 డిసెంబరులో, పొటాష్ మీద ఆంక్షలు ఎత్తేస్తామని అమెరికా ఒప్పుకున్నాక, విడుదలైన 123 మందిలో ఆయనొకరు. బయటివాళ్ల ఒత్తిడి పనిచేస్తుంది, కాదనను. అది పనిచేసేలోపు మనిషి జైల్లో ఏళ్లకేళ్లు పోగొట్టుకుంటాడు.

కాబట్టి ఎవరి లెక్కలో అడిగే అలాంటి కాగితం మీ బల్ల మీదికొస్తే ఆ పేరు ఎవరిదో వెతకండి. అనుమానం తగిలితే ఫైలు ఆపి, కారణం రాసిపెట్టండి. పైవాళ్లు కసురుకుంటే కసురుకోనివ్వండి.