సౌండ్ సిస్టమ్ ఎన్నేళ్లు ఉంచుకోవాలి?

 

దాతల సభలో టేప్ రికార్డర్ల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఏటా రంజాన్‌కు ముందు ఇళ్లు సర్దుకుంటాం. అప్పుడు పాత సెట్లు, స్పీకర్లు సంఘానికి వస్తాయి. ఇచ్చేవారి మనసు మంచిదే. కాని చాలావరకు మూలన పడి పాడైపోయాకే మా దగ్గరికి చేరుతున్నాయి. వాటిని బడికీ ఇవ్వలేం, పేదల ఇంటికీ ఇవ్వలేం.

ముందు మా ఇంటి పొరపాటే చెప్పుకుంటాం. ఒకప్పుడు మా ఇంటికి జెడ్డా నుంచి టూ-ఇన్-వన్ వచ్చింది. ఫజర్ నమాజు తర్వాత ఖారీ అబ్దుల్ బాసిత్ గారి తిలావత్ అందులోనే వినేవాళ్లం. హోం థియేటర్ కొన్నాక, బాగా పాడుతున్న ఆ సెట్టును పాత సామాన్ల బండికి వేసేశాం. అమ్మీ పోయిన తర్వాత, ఆమె పిల్లలకు దువాలు నేర్పుతున్న క్యాసెట్ బీరువాలో దొరికింది. వినడానికి ఇంట్లో మెషిన్ లేదు. అరువు తెచ్చిన దానిలో వేస్తే టేపు చిక్కుకొని సగం పోయింది. కాబట్టి మొదటి మాట ఇది: ఇంటివాళ్ల గొంతులున్న క్యాసెట్లను ఫోన్‌లోకి ఎక్కించుకోకుండా సెట్టు వదలకండి.

ఇన్నేళ్లకు మార్చాలన్న లెక్క ఏదీ లేదు. స్పీకర్ అంచున ఉండే ఫోమ్ రింగు ఏళ్లు గడిస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ రింగు ఒక్కటే మార్పించవచ్చు. ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లు వేడికి ఎండిపోయి గుయ్యిమనే మోత వస్తుంది; అవీ మార్చేవే. సెట్టు మీద గుడ్డ కప్పకుండా గాలి తగలనిస్తే ఎక్కువకాలం నిలుస్తాయి. విడిభాగాలకు కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

త్వరగా మారిపోయేది పాట వచ్చే దారి. 1963లో క్యాసెట్, 1982లో సీడీ, తర్వాత పెన్‌డ్రైవ్, ఇప్పుడు ఫోన్. దాని కోసం మంచి స్పీకర్లు పారేయనక్కరలేదు. ఆక్స్ రంధ్రం ఉంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ చాలు.

మరి మార్చేదెప్పుడు? రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, విడిభాగం దొరకకపోతే, షాక్ కొడుతున్నా, కాలిన వాసన వస్తున్నా మార్చండి. కొత్త మోడల్ వచ్చిందన్న ఒక్క కారణానికి మార్చడం ఇస్రాఫ్, అంటే దుబారా.

అయినా కొనాలనిపిస్తే కొనుక్కోండి. పాతది మాత్రం ఆ వారంలోనే, పాడుతుండగానే, వైర్లూ రిమోట్‌తో సహా ఇవ్వండి. బడిలో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు వినిపించడానికి అది చాలు. చెడిపోయినదాన్ని దానమని ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కు చేర్చండి.

చివరిగా ఒక లెక్క. ఇంట్లో వాడుకునే సెట్టు మీద జకాత్ లేదు. కొత్తది కొనాలని దాచిన డబ్బు మాత్రం, మిగతా సొమ్ముతో కలిసి నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం నిలిస్తే, నూటికి రెండున్నర ఇవ్వాలి. ఇంకో మాట కూడా అడుగుతున్నాం. ఉన్న సెట్టునే బాగుచేయించుకుంటే మిగిలే డబ్బులో కొంత మన అన్నోజిగూడ పిల్లల ఫీజులకు సదఖాగా ఇవ్వండి. ఆ సెట్టు మరో రెండేళ్లు పాడుతుంది, ఒక బిడ్డ రెండు తరగతులు దాటుతుంది.