నలభై ఒక్క సీట్ల మాటున: ఇందిరాగాంధీ, 1977, తెలుగు ఓటరు

ఈ స్మారకోపన్యాసం మా మాస్టారి పేరిట జరుగుతోంది. ఆయన పాండిత్యం మీకు నేను చెప్పనక్కర్లేదు. నాకు మాత్రం ఆయన ఎర్రసిరా గుర్తుకొస్తుంది. నా సిద్ధాంతగ్రంథం చిత్తుప్రతిలో ఒక పేరా కొట్టేసి, పక్కన "ఆంధ్రులు ఇందిరమ్మను క్షమించారు" అని రాశారు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

బ్యాంకుల జాతీయీకరణ, బంగ్లాదేశ్ యుద్ధం, ఇందిర ఎన్నికను కొట్టేసిన అలహాబాదు హైకోర్టు తీర్పు, ఎమర్జెన్సీ విధించిన 1975 జూన్ 25 రాత్రి మీకు తెలిసినవే. నా తగువల్లా 1977 మార్చి ఎన్నికల గురించే.

అప్పుడు రాయ్‌బరేలీలో ఇందిర స్వయంగా ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు దక్కాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున నెగ్గారు. దాంతో ఎమర్జెన్సీ మనల్ని తాకలేదని చాలామంది తేల్చేశారు. మైరన్ వీనర్ వంటి రాజనీతి పండితులు ఉత్తర దక్షిణాల తేడాను అప్పుడే గుర్తించారు. 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. బలవంతపు ఆపరేషన్ల మీద కోపం ఉత్తరాదిలోనే ఎక్కువ, నిజమే. అంతమాత్రాన మనకు దెబ్బ తగల్లేదంటే ఎలా?

1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు బలయ్యారు. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథను పౌరహక్కుల తరఫున విచారణ జరిపిన తార్కుండే కమిటీ తోసిపుచ్చింది. అదే ఏడాది డిసెంబరు 1న నక్సలైటు రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితలు అంతరంగిక భద్రతా చట్టం (మీసా) కింద జైళ్ళలో మగ్గారు.

ఓట్ల లెక్కా చూడండి. కాంగ్రెసుకు వచ్చినవి 57 శాతం, జనతాకు 32 శాతం దాకా. దాదాపు ప్రతి మూడో ఓటరు ఎదురుతిరిగిన రాష్ట్రాన్ని "క్షమించింది" అనొచ్చా? కాంగ్రెసుకు వేసినవాళ్ళలోనూ ఎందరో ఇంటిస్థలం పట్టాకు, భూపరిమితి చట్టం రేపిన ఆశకు ఓటేశారు. కృతజ్ఞత వేరు, క్షమించడం వేరు. మెదక్ స్థానం నుంచి 1980లో ఇందిర జైపాల్‌రెడ్డి మీద గెలిచి, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. ఆ గెలుపునూ ఈ కళ్ళతోనే చూడాలి.

కృతజ్ఞతకూ క్షమకూ ఉన్న ఈ తేడాకు రుజువు ఎన్నికల పట్టికల్లో దొరకదు. మానవశాస్త్రవేత్త ఎమ్మా టార్లో ఢిల్లీలోని ఒక కాలనీలో ఎమర్జెన్సీ గురించి జనం జ్ఞాపకాలను ఆఫీసు కాగితాలతో పోల్చి చూశారు. నాలుగేళ్ళుగా మెదక్ పల్లెల్లో నేను చేస్తున్నదీ అదే. ఒక ముసలమ్మ ట్రంకుపెట్టెలోంచి పట్టా తీసి చూపించి, "ఇది ఇచ్చింది ఆమె. నా తమ్ముణ్ణి పట్టుకుపోయిందీ ఆమె సర్కారే" అంది. మాస్టారి వాక్యంలో ఆ రెండో ముక్కకు చోటు లేదు.

ఆనాటి ఓటర్లలో అందరికన్నా చిన్నవాళ్ళకు కూడా ఇప్పుడు డెబ్భై దగ్గర. మీ ఇళ్ళల్లో 1975–77 నాటి పట్టా గాని, జైలు ఉత్తరం గాని ఉంటే ఒక్కసారి చూపించండి. నకలు తీసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాను.