హై మైలేజ్ ఇంజన్ ఆయిల్: ఆమోద ముద్ర ఎందుకు ఉండదు?



మన వాడుకలో ‘మైలేజీ’ అంటే లీటరు ఇంధనానికి బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్న లెక్క. ‘హై మైలేజ్’ అని రాసి ఉన్న ఇంజన్ ఆయిల్ డబ్బా మీద మాత్రం ఆ మాటకు అర్థం వేరు. అప్పటికే చాలా దూరం తిరిగిన బండికి పనికివచ్చే ఆయిల్ అని దాని భావం. అమెరికాలో సాధారణంగా 75,000 మైళ్లు, అంటే సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన ఇంజన్లకు దీనిని సూచిస్తారు. ఇలాంటి ఆయిళ్లలో కొన్నింటికి కార్ల కంపెనీల ఆమోదం ఉండదు. అవి నాసిరకమైనవి కాబట్టేనా?

దంతెవాడ నుంచి గీదం మీదుగా జగదల్‌పూర్‌కు, ఇటు ఇనుప గనుల ఊళ్లయిన బచేలి, కిరందుల్‌లకు ఏళ్ల తరబడి మనుషులను చేరవేసిన ఒక పాత జీపును ఊహించుకోండి. వేడికి దాని ఇంజన్‌లోని రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. ఆయిల్ చుక్కలుగా కారుతుంది. పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ మండిపోతుంది. పొగ నీలంగా వస్తుంది. హై మైలేజ్ ఆయిల్‌ను ఇలాంటి ఇంజన్ కోసమే తయారుచేస్తారు. అందులోని కొన్ని ఎస్టర్లు రబ్బరులోకి ఇంకి, దానిని మెత్తబరచి, కొద్దిగా ఉబ్బిస్తాయి. ఆయిల్ కాస్త చిక్కగా ఉంటుంది. అరుగుదలను తగ్గించే రసాయనాలు కొన్నింటిలో ఎక్కువగా ఉంటాయి.

ఇక ఆమోద ముద్ర సంగతి. అది ప్రధానంగా కొత్త ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకొని జరిపే పరీక్షల ఫలితం. ఇక్కడే చిక్కు వస్తుంది.

మొదటిది చిక్కదనం. 5డబ్ల్యు-30 రకం ఆయిల్ స్నిగ్ధత 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 9.3కు తగ్గకుండా, 12.5 సెంటీస్టోక్‌ల లోపు ఉండాలి. ఇంధనం ఆదా చేసే ఆయిళ్లు సాధారణంగా ఈ హద్దులో కింది భాగాన ఉంటాయి. హై మైలేజ్ రకాలు తరచు పై భాగాన ఉంటాయి. రెండూ నిబంధనకు లోబడినవే. కాని చిక్కని ఆయిల్‌ను కదిలించడానికి ఇంజన్ ఎక్కువ శక్తి ఖర్చు చేయాలి. అందువల్ల ‘హై మైలేజ్’ ఆయిల్ ఇంధన ఆదా పరీక్షలోనే, అనగా మనం అనుకునే మైలేజీ పరీక్షలోనే, తప్పిపోవచ్చు!

రెండవది భాస్వరం. జింక్, భాస్వరం కలిసిన ‘జెడ్‌డీడీపీ’ అనే రసాయనం లోహంపై పలుచని పొరగా ఏర్పడి అరుగుదలను ఆపుతుంది. అయితే మండిన ఆయిల్‌తోపాటు భాస్వరం పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను చేరి దాని పనితనాన్ని చెడగొడుతుంది. అందుకే 2010 నాటి జీఎఫ్-5, 2020 నాటి జీఎఫ్-6 ప్రమాణాలు ఇలాంటి పలుచని ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతం మించనివ్వలేదు. అంతకన్నా ఎక్కువ కలిపితే ఆ ముద్ర రాదు.

మూడవది ఖర్చు. ఇంజన్ పరీక్షలు ఖరీదైనవి. జనరల్ మోటార్స్ వారి ‘డెక్సోస్’ వంటి ముద్రకు లైసెన్సు కూడా కావాలి. గ్యారంటీ గడువు దాటిన బండ్ల కోసమే తయారైన ఆయిల్‌కు ఇంత ఖర్చు ఎందుకని తయారీదారు భావించవచ్చు.

కాబట్టి ముద్ర లేనంత మాత్రాన ఆయిల్ చెడ్డదని తేల్చలేం. ముద్ర లేకపోవడం గొప్పతనమూ కాదు. ఆమోదం పొందిన హై మైలేజ్ ఆయిళ్లు కూడా ఉన్నాయి. డబ్బాపై ‘ఆమోదం పొందినది’ అనే మాటకు, ‘ఈ బండ్లకు తగినది’ అనే మాటకు తేడా గమనించండి. రెండవది ఆయిల్ తయారీదారు సొంత మాట మాత్రమే.

ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం బండిని నమ్ముకున్న కుటుంబానిదే. గ్యారంటీలో ఉన్న బండికి తయారీదారు పుస్తకం చెప్పిన ఆయిలే వాడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే వడపోత ఉంటుంది. బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ దానిని పూడ్చివేస్తుంది. కన్వర్టర్ లేని పాత జీపుకు ఆ బెడద లేదు. దానికి కూడా పుస్తకంలోని స్నిగ్ధత, శ్రేణి తప్పనిసరి. పైగా అరిగిన రింగును ఏ ఆయిలూ తిరిగి పెంచలేదు. దానికి మెకానిక్ చేతి పని కావలసిందే.

ఈ వారం మీ ఇంట్లోని బండి పుస్తకాన్ని, వాడుతున్న ఆయిల్ డబ్బాను పక్కపక్కన పెట్టి చదవండి. అంకెలు, అక్షరాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో రాసుకోండి. తేడా కనిపిస్తే ఆయిల్ మార్చే ముందే ఇంట్లో పెద్దలకు చెప్పండి.