సామర్లకోటలో వానలెక్క రాసిన వైద్యుడు

(చోడవరంలో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో నన్ను డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమన్నారు, మాట్లాడాను. ఈసారి ప్రత్యేక సంచిక కాబట్టి, పిల్లలకు కూడా పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు రాసిన గుమస్తాను. అందుకని రిజిస్టరు రాసిన ఒక మహానుభావుడి గురించే చెబుతాను. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్.

అనకాపల్లిలో రైలెక్కితే తుని, అన్నవరం, పిఠాపురం దాటాక సామర్లకోట వస్తుంది. స్కాట్లాండులో పుట్టిన రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ సహాయ వైద్యుడుగా మద్రాసు వచ్చి, 1781లో ఆ సామర్లకోటకు బదిలీ అయ్యారు. ఉద్యోగం సిపాయిలకు మందివ్వడం. మనసు మాత్రం మొక్కల మీద. మద్రాసులో ఉన్నప్పటి నుంచే రోజుకు మూడుసార్లు వేడి ఎంత, గాలి పీడనం ఎంత అని చూసి రాసుకునే అలవాటు ఆయనకు ఉంది. సామర్లకోటలోనూ అది మానలేదు.

మొక్కకూ, నేలకూ, వానకూ, పురుగుకూ, మనిషికీ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రాన్ని ఇవాళ జీవావరణ శాస్త్రం అంటున్నాం. దానికి పేరు పెట్టింది జర్మనీ శాస్త్రజ్ఞుడు హేకెల్, 1866లో. ఆ పేరు పుట్టకముందే, ఎనభై ఏళ్ళ నాడే, మన గోదావరి సీమలో ఆ పని మొదలైందని నా మనవి. లక్కపురుగు చెట్టుకొమ్మ మీద ఎలా బతుకుతుందో పరిశీలించి రాక్స్‌బర్గ్ రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాన్ని అక్కడికి పంపినవారు మన విశాఖపట్నంలో కొన్నేళ్ళు ఉండి పాముల మీద పుస్తకం రాసిన పాట్రిక్ రస్సెల్. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు.

చెరకు రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు. రాజమండ్రి ప్రాంతంలో చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో రాక్స్‌బర్గ్ వివరంగా రాశారు. కింది ఆకుల్ని గడల చుట్టూ చుట్టి, నాలుగైదు గడలు కలిపి వెదురుకు కట్టే పద్ధతి కూడా అందులో ఉంది. మనం జడచుట్టు అంటామే, అదే. రైతు చేసే ప్రతి పనీ ఎందుకు చేస్తున్నాడో అడిగి రాసుకున్నారాయన.

1787లో గోదావరి పాయ ఒడ్డున ఇంజరంలో ఉప్పెన వచ్చి, ఆయన పోగుచేసిన మొక్కలూ కాగితాలూ కొట్టుకుపోయాయి. మరొకరైతే ఊరుకుందురు. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించారు. 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 రంగుల బొమ్మలున్నాయి. వర్ణనల్లో తెలుగు పేర్లూ ఇచ్చారు. మోదుగ అందులో ఉంది. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు శాస్త్రనామం పెట్టింది ఆయనే. సోమిద బెరడు జ్వరానికి పనికొస్తుందని లోకానికి చెప్పిందీ ఆయనే. ఆ చెట్టు శాస్త్రనామంలో ఇవాళ ఉన్న సోయ్మిడా అనే మాట మన సోమిదే.

ఒక లోటు కూడా చెప్పాలి. ఆయన కంపెనీ నౌకరు. మిరియం, నీలిమందు, పట్టు మీద కంపెనీకి వచ్చే లాభం ఆయన పనిలో కలిసే ఉంది. బొమ్మలు గీసిన మనవాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో లేవు.

అయినా 1790 తర్వాత ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఆయన లాభం లెక్క వేసుకుని కూర్చోలేదు. అంతకు నూరేళ్ళ ముందు 1685-87లో కూడా ఇలాంటి కరువు వచ్చిందని పిఠాపురం రాజావారి ద్వారా తెలుసుకున్నారు. వాన తప్పినా కాయ ఇచ్చే కొబ్బరి, పనస, తాటి వంటి చెట్లు ఊరూరా నాటించాలని పైవాళ్ళకు రాశారు. ఆ కరువుకూ, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినోకూ సంబంధం ఉందని రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు 1998లో నేచర్ పత్రికలో రాశారు. అటువంటి పరిశోధనకు రాక్స్‌బర్గ్ నాటి రాతలే ఆధారం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పి తీరాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాలూకా కచేరీలో వానకొలత రిజిస్టరు నా సీటులో ఉండేది. పొద్దున్న ఎనిమిదిన్నరకు కొలిచి మిల్లీమీటర్లు వెయ్యాలి. ఒకసారి నాలుగు రోజులు ఇంటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చి ఖాళీగా ఉన్న గడుల్లో నోటికొచ్చిన అంకెలు వేశాను. ఆ ఏడు పంట పోయింది. అనావృష్టి నివేదికకు ఆ రిజిస్టరే తీశారు. ఒక ముసలి రైతు నా బల్ల దగ్గర కొచ్చి, "బాబూ, ఆ వారం వాన పడిందని రాసేరంట. మా ఊళ్ళో దుమ్ము కూడా తడవనేదు బాబూ" అన్నాడు. నేను తలెత్తలేదు. నా అంకె వల్లే వాళ్ళకు శిస్తు తగ్గింపు ఆగిందని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఇంతవరకు ఈ మాట మా ఇంట్లో కూడా చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత లైబ్రరీలో రాక్స్‌బర్గ్ గురించి చదువుతుంటే ఆ ముసలాయన ముఖం కళ్ళముందు కనబడింది. తాను రాసింది ఎవరు చూస్తారో ఆయనకు తెలియదు. అయినా కొలిచిందే రాశాడు. రెండువందల ఏళ్ళ తర్వాత అది పనికొచ్చింది.

1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళారు. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు.

చివరిగా ఒక మనవి. మన ఊరు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా గట్ల మీది చెట్టు పేరు మారలేదు. కాని ఆ పేరు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. మనకు తీరిక ఉంది, రాసే చెయ్యి ఉంది. తలా ఒక నోటుబుక్కు తీసుకుని మన వీధిలోని చెట్టు పేరు, పూత పూసిన తేదీ, ఆనాటి వాన రాద్దాం. మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాద్దాం. చూడనిది మాత్రం రాయవద్దు. గడి ఖాళీగా ఉన్నా పరవాలేదు.