ఒకటిన్నర లీటర్ల నీళ్లు

(ద్వారకలో ఒక ఆదివారం జరిగిన తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన గురించి మాట్లాడమని పిలిచారు. నా థీసిస్‌లో ఎక్కడా రాయని విషయంతో మొదలుపెడతాను. గడిచిన పద్నాలుగు నెలల్లో నాకు ఐదుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ప్రతిసారీ గైడ్‌కి ‘జ్వరం’ అని మెయిల్ పెట్టాను. ఈ రోగం పేరు చెప్పుకోవడానికి సిగ్గు. శుభ్రత లేని మనుషులకు వస్తుందని ఒక ప్రచారం ఉంది. మన కులాల మీద ఆ ముద్ర ఎలాగూ తరతరాలుగా ఉన్నదే. అందుకే మనం ఇంకాస్త ఎక్కువగా దాస్తాం.

మాది గుంటూరు జిల్లాలో మిరప కూలీల ఇల్లు. మిరప చేలో చాటు ఉండదు. ఆడవాళ్లు చీకటితో ఒంటికి వెళ్లొస్తే మళ్లీ సాయంత్రమే. అందుకని మా అమ్మ చేనులో నీళ్లు తాగేది కాదు. హాస్టల్‌కి పంపేటప్పుడు నాకూ అదే నేర్పింది: “బస్సెక్కే ముందు నీళ్లు తాగమాకమ్మా, దోవలో ఇబ్బంది పడతావు.” మంట మొదలైందని ఢిల్లీ నుంచి ఫోన్ చేస్తే, “వేడి చేసుంటది, సబ్జా గింజలు నానేసుకుని తాగు” అంది. తాగొద్దన్నదీ తాగమన్నదీ ఆమే. రెండు మాటల్లోనూ ప్రేమే ఉంది. మరుగుదొడ్డి మాత్రం లేదు.

నా ఫీల్డ్‌వర్క్ ఇక్కడే, ద్వారక సెక్టార్లలో, ఇంటిపని చేసే ఆడవాళ్లతో. పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా వాళ్ల వెంట సొసైటీలన్నీ తిరిగేదాన్ని. నాతో ఎక్కువగా మాట్లాడిన ఒక దీదీ ఐదిళ్లలో పని చేస్తుంది. “మొత్తం ఎనిమిది బాత్రూములు కడుగుతాను. నాకు అవసరమైతే కిందికి దిగి గేటు దగ్గర గార్డుని తాళం అడగాలి. మగాణ్ణి రోజూ ఏమడుగుతాం? ఆపుకుంటాను” అంది. ఆమెతోపాటు నేనూ ఆపుకున్నాను.

ఒక రోజు ఆమె పనిచేసే ఫ్లాట్‌లో యజమానురాలిని ఇంటర్వ్యూ చేశాను. టీ ఇచ్చారు. ఆంధ్రాలో మేము ‘ఏ వాళ్లం’ అని తిప్పి తిప్పి అడిగారు. నేను మాట దాటేశాను. తర్వాత బాత్రూమ్ ఎక్కడని అడిగితే చూపించారు, వాడుకున్నాను. బయటికి వచ్చేసరికి దీదీ వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆ బాత్రూమ్ కడిగింది ఆమే. నేను కులం దాచుకుని సంపాదించుకున్న ఐదు నిమిషాలు ఆమెకు ఏ విధంగానూ దొరకవు. ఆ రాత్రి ఫీల్డ్ నోట్స్‌లో ఇది రాయలేకపోయాను. ఇవాళ చెప్తున్నాను.

ఇక మందుల సంగతి. మొదటిసారి మంట వచ్చినప్పుడు మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. అట్ట మీద ఎర్ర గీత ఉంది. డాక్టర్ రాస్తేనే వాడాలని దాని అర్థం. నాకు అప్పుడు తెలియదు. మూడో రోజుకి మంట తగ్గగానే ఆపేశాను. రెండోసారి ఒక క్లినిక్‌లో, మూడోసారి ఇంకో క్లినిక్‌లో అదే జాతి బిళ్లలు రాశారు. ఎవరూ మూత్రం పరీక్ష చేయించలేదు. విరేచనాలు, నోరంతా చేదు, ఆ తర్వాత యీస్ట్ ఇన్ఫెక్షన్. మూడో కోర్సులో మడమ వెనక పట్టేసింది. మెట్రో మెట్లు రెయిలింగ్ పట్టుకుని దిగాను. బాగా నడిచినందుకేమో అనుకున్నాను. ఈ రకం మందులు స్నాయువులను దెబ్బతీయగలవని తర్వాత చదివాను. మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే దారి ఉన్నప్పుడు వీటిని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే చెప్పింది.

నాలుగోసారి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. క్యూలో మూడు గంటలు నిలబడ్డాను. అక్కడి డాక్టరమ్మ మొదట యూరిన్ కల్చర్ చేయించింది. రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. అంటే నాలోని క్రిమి ఆ మందుకి లొంగదు. నైట్రోఫ్యూరాంటోయిన్ ఐదు రోజులకు రాసి, అన్నం తిన్నాక వేసుకోమంది. వికారం ఉండొచ్చనీ మూత్రం రంగు ముదురుగా మారొచ్చనీ ముందే చెప్పింది. రంగు మారినప్పుడు నేను భయపడలేదు. చెప్పడానికి ఆమెకు ఒక నిమిషం పట్టింది, అంతే.

మందు లొంగకపోవడానికి నేను కోర్సు మధ్యలో ఆపడం ఒక్కటే కారణమా? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో క్రిములు మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయి. ‘రోగులు బాధ్యతగా వాడాలి’ అనే ఉపన్యాసం సగం నిజమే. మిగతా సగం ఆ వాగుల్లో ఉంది.

ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఇ. కొలై వల్ల వస్తాయి. అది అందరి పేగుల్లో ఉండేదే. ఆడవాళ్ల మూత్రనాళం పొట్టిది కాబట్టి తేలిగ్గా పైకి పాకుతుంది. ఇందులో మురికి మనుషులు, శుభ్రమైన మనుషులు అని లేదు. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు. 2018లో ఒక అధ్యయనం వెలువడింది. ఇలా పదేపదే వస్తూ, నీళ్లు తక్కువ తాగే అలవాటున్న 140 మంది ఆడవాళ్లలో సగం మందిని రోజూ అదనంగా ఒకటిన్నర లీటర్ల నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది.

ఇంత చవకైన మందు ఇంకోటి లేదు. అయితే ఒకటిన్నర లీటర్లు తాగినవాళ్లు బయటికి వెళ్లాలి కదా. మా అమ్మ ఎక్కడికి వెళ్లాలి? దీదీ ఎక్కడికి వెళ్లాలి?

చవదార్ చెరువు సంగతి మీకు తెలుసు. ప్రజల నీళ్లు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చెరువుని అందరికీ తెరిచామంది. కాగితం మీద హక్కు వచ్చింది, దోసిట్లోకి నీళ్లు రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. ఇవాళ సొసైటీ ప్లాన్‌లో పనివాళ్ల టాయిలెట్ ఉంటుంది, దానికి తాళం కూడా ఉంటుంది. నీళ్లు తాగే హక్కు ఆ తాళం దగ్గర ఆగిపోతోంది.

కాబట్టి మూడు పనులు అడుగుతున్నాను. ఫీల్డ్‌వర్క్ అనుమతి పత్రాల్లో టాయిలెట్ సౌకర్యాన్ని భద్రతా అంశంగా చేర్చమని మన విభాగాలను అడుగుదాం. క్యాంపస్ హెల్త్ సెంటర్లలో కల్చర్ పరీక్ష ఉచితంగా ఉండాలని విద్యార్థి సంఘాలు డిమాండ్ చేయాలి. మీలో సొసైటీ ఫ్లాట్లలో అద్దెకుండేవాళ్లు ఈ వారమే సెక్రటరీ దగ్గరికి వెళ్లి, ఆ తాళం తీయమని రాతపూర్వకంగా అడగండి.

ఇక్కడున్న అమ్మాయిలకు ఒక మాట. ఆపుకోవద్దు. షాపులో అడిగి బిళ్లలు కొనొద్దు, పరీక్ష అడగండి. రాసిన కోర్సు పూర్తి చేయండి. మందు పడకపోతే మీరే మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే మర్నాటి దాకా ఆగొద్దు.

పోయిన వారం గైడ్‌కి మళ్లీ మెయిల్ పెట్టాను. ఈసారి ‘యూరిన్ ఇన్ఫెక్షన్’ అనే రాశాను. ఆ ఐదు నిమిషాల సంగతి కూడా థీసిస్ మూడో అధ్యాయంలోకి వస్తోంది.

జైభీమ్.